మూడు కుట్ల పేజీ

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవ్వరికీ ఫిట్స్ లేవు. అంతకుముందూ లేవు. అయినా మూడు నెలల పాటు మేం ఫిట్స్ గురించి తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు.

మొదలైంది మాత్రం అక్క ఆఫీసరు కావాలనుకోవడంతో. సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు ఒకటుంటుంది. దానికి దరఖాస్తు పెట్టింది. రాతపరీక్ష పాసైంది, పరుగు పాసైంది. పరుగంటే మామూలు పరుగు కాదు. మొదట్లో మా వీధి కుక్కలు అక్క వెంటపడేవి. నెల తిరిగేసరికి సగానికి సగం చిక్కిపోయి, అక్క గుమ్మం దిగగానే మొహం అటు తిప్పుకుని పడుకునేవి. ఇక మిగిలింది రెండే. అర్హతల విభాగం వాళ్ళు కాగితాలన్నీ చూసి సరే అనాలి, ఆ తర్వాత బోర్డు ముందు ఐదు రోజులు కూర్చోవాలి. అక్కకి ఇరవై నాలుగు నిండటానికి ఇంకా నలభై మూడు రోజులున్నాయి. నిండాయంటే ఇక ఎప్పటికీ లేదు.

ఇంట్లో చిన్నదాన్ని, నా సంగతీ కాస్త చెప్పాలి. మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఆ ఏడే రిటైరవుతున్నాడు. అలా రిటైరయ్యేవాళ్ళ పిల్లల్లో ఒకరికి డిపోలో డ్రైవింగ్ ట్రైనింగ్ సీటిస్తారు. ఒక్కసారే ఇస్తారు. ఆ సీటు నాది. డిపో మైదానంలో పెద్ద బస్సుని రెండు డ్రమ్ముల మధ్యలోంచి వెనక్కి పోనిచ్చి చూపించాను. నాన్న చూసి "పర్వాలేదు" అన్నాడు. ఆయన జీవితంలో ఆ మాట అనడం అది రెండోసారి. మొదటిసారి పెళ్ళైన కొత్తలో అమ్మ పెట్టిన కాఫీ తాగి అన్నాడట. ఇక నాకు కావాల్సింది ఆస్పత్రి నుంచి ఒక ఆరోగ్యం కాగితం, అంతే.

అప్పుడొచ్చింది అక్కకి ఉత్తరం. "అనర్హత. కారణం: ఫిట్స్ వచ్చి స్పృహ తప్పిన చరిత్ర. మాఫీ కోరవచ్చు."

అక్క దాన్ని నాలుగుసార్లు చదివింది. "వేరేవాళ్ళది మనింటికొచ్చినట్టుంది" అంది.

అర్హతల విభాగం ఒక పాత మేడలో కింది అంతస్తు. వరండా పొడుగునా ఒకటే బెంచీ. దాని మీద మాఫీల కోసం వచ్చినవాళ్ళు. ఒకతనికి మెడ మీద పచ్చబొట్టు. ఒకతనికి పాదాలు చదును. ఒకతను ఎత్తు రెండు సెంటీమీటర్లు తక్కువట, మాఫీ కోసం కూర్చోబట్టి నాలుగు నెలలైంది. ఈపాటికి ఆ రెండూ పెరిగి ఉంటాడని నాకనిపించింది గానీ, మళ్ళీ కొలిచే తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదు. బెంచీ మీద ఎవరూ మాట్లాడుకోరు. పేరు పిలిచినప్పుడు అందరూ ఒకేసారి తలెత్తుతారు, ఒకరు తప్ప అందరూ మళ్ళీ దించుకుంటారు.

లోపల ఒకావిడ. మెడలో రెండు కళ్ళద్దాలు వేలాడుతుండేవి. ఒకటి కాగితాలు చూడటానికి, ఇంకోటి మనుషుల్ని చూడటానికి. రెండోది పెట్టుకోవడం నేను చాలా తక్కువసార్లు చూశాను. ఇంట్లో ఆవిణ్ణి రెండద్దాలావిడ అనేవాళ్ళం.

"పదిహేనేళ్ళప్పుడు, పరీక్ష హాల్లో ఫిట్స్ వచ్చి పడిపోయావు" అంది కాగితం చూస్తూ. "నోట్లోంచి నురగ. గడ్డం కింద మూడు కుట్లు. మరి ఫారంలో ఎందుకు రాయలేదమ్మా?"

అక్క నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. అది తిరగడం లేదు, అయినా చూశాను.

ఎందుకంటే ఆ నురగ నాది.

పదమూడేళ్ళప్పుడు లెక్కల పరీక్ష తప్పించుకోవడానికి రెండు వారాలు అద్దం ముందు ప్రాక్టీసు చేసి, నోట్లో సబ్బు ముక్క పెట్టుకుని వెళ్ళాను. పాత్రలో ఎంత లీనమయ్యానంటే డెస్కు అంచు ఒకటుందన్న సంగతే మర్చిపోయాను. గడ్డం చిట్లింది. రక్తం నిజం, కుట్లు నిజం, మిగతాదంతా సబ్బు. డ్యూటీ డాక్టరు నమ్మాడు, ఫిట్స్ అని రాసేశాడు. అమ్మకి మాత్రం సాయంత్రం నా యూనిఫాం ఉతుకుతుంటే జేబులో మిగతా సబ్బు దొరికింది, అది పట్టుకుని నన్ను ఇల్లంతా తరిమింది. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు సబ్బు. కానీ అది అక్క ఆస్పత్రి కార్డులోకి ఎలా పోయిందో అప్పటికి నాకూ తెలీదు.

"మేడమ్, నాకెప్పుడూ ఫిట్స్ రాలేదు" అంది అక్క.

"రికార్డులో వచ్చాయి."

"నాకు రాలేదు."

ఆవిడ నిట్టూర్చింది. రోజుకి నలభైసార్లు నిట్టూర్చే మనిషి. అందులో ఇది పాతికోది అయ్యుంటుంది. "చూడమ్మా, ఇదేం పెద్ద గండం కాదు. ఎనిమిదేళ్ళయింది, మళ్ళీ రాలేదు. ఈ మాఫీ ఫారంలో 'ఒకసారి వచ్చింది, తర్వాత రాలేదు' అని రాసి సంతకం పెట్టు. వారంలో వచ్చేస్తుంది. ఎత్తుకి మాఫీ ఉంది, పళ్ళకుంది, పచ్చబొట్టుకుంది, దీనికీ ఉంది. వయసుకొక్కదానికే లేదు. నీకేమో రోజుల్లేవు."

"రానిదాన్ని వచ్చిందని ఎలా రాయను?"

"రాలేదంటే నేను మాఫీ దేనికివ్వాలి? తప్పంటూ ఉంటేనే కదమ్మా మాఫీ."

అక్క ఫారం తిరగేసి అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చదివింది. పైన రాసినదంతా నిజం. అబద్ధమని ఎప్పుడు తేలినా, ఏ హోదాలో ఉన్నా తొలగిస్తారు. ఫారం మడిచి సంచీలో పెట్టుకుని లేచింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ మెషిన్ మీద స్కూలు చొక్కాలు కుడుతోంది. అక్క చెప్పింది విని, తొక్కడం ఆపకుండానే అంది, "అది నా పనేలే."

"నీ పనేంటమ్మా?"

"ఆ రోజు దీనికి రక్తం కారుతుంటే బీరువాలోంచి కార్డు లాక్కుని పరిగెత్తాను. రెండూ నీలం అట్టలే. తెరిచి చూస్తానా? ఇంటికొచ్చాక చూశా, అది నీది."

"మరి మార్పించొచ్చు కదా!"

"ఏమని మార్పించను? మా చిన్నది సబ్బు నమిలి నాటకమాడిందండీ, నేనేమో పెద్దదాని కార్డు తెచ్చానండీ అనా? కార్డేదైతేనేం, కుట్లు పడ్డాయిగా అనుకున్నా." మెషిన్ ఆపింది. "పెట్టెయ్యవే సంతకం. మనకి తెలుసుగా నీకేం లేదని."

"నేనూ అదే అంటున్నా" అన్నాను. "ఒక్క సంతకం. వేలు కూడా నొప్పెట్టదు."

"నువ్వు మాట్లాడకే సబ్బూ" అంది అక్క. కోపంగా కూడా అనలేదు. బాగా అలిసిపోయినట్టు అంది. "రేపు నేను నలుగురి రిపోర్టులు చదివి నిజమా అబద్ధమా తేల్చాలి. మొదటి సంతకమే అబద్ధం మీద పెడితే రెండోది ఏ మొహంతో పెట్టను?"

అదీ మా అక్క. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ, దాక్కున్న చోటు నుంచే "ఇక్కడున్నా" అని చెప్పేది, ఎవరైనా అడిగితే.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి అంతా విన్నాడు. చొక్కా కొక్కేనికి తగిలించి, "పెద్దపిల్ల చెప్పింది కరెక్టే" అన్నాడు. అంతే, ఇంట్లో ఆ సంతకం ఊసు మళ్ళీ లేదు. కేలెండరు మీద రోజులు మాత్రం ఉన్నాయి, ముప్ఫై ఎనిమిది.

మర్నాడు నేనొక్కదాన్నే వెళ్ళాను. బెంచీ మీద మూడు గంటలు కూర్చుని లోపలికెళ్ళి, "మేడమ్, ఆ నురగ నాది" అన్నాను.

ఆవిడ కాగితాల అద్దాలు తీసి మనుషుల అద్దాలు పెట్టుకుంది. అదే నా కర్మ. మొదటిసారి వచ్చినప్పుడు ఊరికే ఉండలేక వరండాలో నోటీసు బోర్డుకి ఒక కాగితం అంటించాను: 'బెంచీ మీద ఆరు నెలలు పూర్తిచేసినవారికి సీనియారిటీ ఇవ్వబడును.' దానికి ఇద్దరు దరఖాస్తులు కూడా పెట్టారట. అంటిస్తుంటే ఆవిడ కిటికీలోంచి చూసింది.

"నువ్వా" అంది. "ఇప్పుడేంటి కొత్త వేషం?"

సబ్బు దగ్గర్నుంచి నీలం అట్ట దాకా మొత్తం చెప్పాను. నా జీవితంలో ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పిన మొదటి కథ అదే, ఏ మాత్రం రక్తి కట్టలేదు. గుమ్మం దగ్గర పాదాలు చదునబ్బాయి నవ్వాపుకోలేక దగ్గాడు.

"చూడూ" అంది ఆవిడ. "నేను నమ్మినా ఫైలు నమ్మదు. ఫైలుకి కాగితం కావాలి. ఆ పేజీ రాసింది ఆస్పత్రి, తియ్యాల్సిందీ ఆస్పత్రే. మీ అక్క కార్డు శుభ్రంగా ఉందని వాళ్ళు రాసిస్తే మాఫీయే అక్కర్లేదు." మళ్ళీ కాగితాల అద్దాలు పెట్టుకుంది. "ఆస్పత్రిలో మాత్రం ఏ నోటీసూ అంటించకు."

ఆస్పత్రి రికార్డుల గదికి ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను. తొమ్మిదో, తొంభయ్యో. మొదటిసారి సర్వర్ లేదు. రెండోసారి సర్వరుంది, మనిషి లేడు. తర్వాత మనిషున్నాడు, కానీ పేషెంటే రావాలన్నాడు. పేషెంటుని నేనే అంటే, కార్డులో ఉన్న పేషెంటు రావాలన్నాడు. నేను మెట్ల మీద కూర్చుని లేచిన చోట గచ్చు అరిగి గుంట పడింది, ఇప్పటికీ చూడొచ్చు. ఇరవై రోజులు అలా పోయాయి. అక్కేమో రోజూ పొద్దున్నే పరిగెత్తుతూనే ఉంది. ఎటు తేలుతుందో తెలీని పరుగు, కుక్కలు కూడా జాలిగా చూసేవి.

చివరికి డాక్టరు ఒక మధ్యాహ్నం రమ్మంది. నాన్న సెలవు పెట్టి నాతో వచ్చాడు. ఆయన సెలవు పెట్టాడంటే అమ్మ కంగారుపడి జ్వరం చూసింది. బస్సులోనే వెళ్ళాం. నాన్న ప్రయాణికుడిగా కూర్చోవడం అలవాటు లేని మనిషి, ప్రతి స్టాపు దగ్గరా కుడికాలు నేలకేసి నొక్కుతున్నాడు.

"ఆ పేజీ అక్క కార్డులోంచి తీస్తే ఎక్కడికి పోతుందో కనుక్కున్నావా?" అన్నాడు బయటికి చూస్తూ.

"ఎక్కడికి పోతుంది? చెత్తబుట్టలోకి."

"పోదమ్మా. నిన్న నేనొచ్చి అడిగాను. రాసిన పేజీ చింపరు. ఎవరిదో వాళ్ళ కార్డులోకి మారుస్తారు."

"మారిస్తే మార్చుకోనీ."

స్టాపు వచ్చింది. ఎవరో దిగారు. నాన్న కాలు లేచింది.

"డిపో వాళ్ళు కూడా ఆస్పత్రి కార్డే చూస్తారు" అన్నాడు.

నాకప్పుడు వెలిగింది.

"మనకి మాఫీ లేదా నాన్నా?"

"మనకి అలాంటివి లేవమ్మా. వెనక యాభై మంది కూర్చుంటారు."

సైన్యంలో ఫిట్సొచ్చినా తుపాకీ ఇస్తారట గానీ, బస్సు స్టీరింగు మాత్రం ఇవ్వరు. ఇది జోకుగా చెబుదామనుకున్నాను. నాన్న మొహం చూసి మానేశాను.

"అక్కకి తెలుసా?"

"చెప్తే తను ఒప్పుకుంటుందా?" అన్నాడు. తర్వాతి స్టాపు దగ్గర కాలు నొక్కుతూ, "నిన్ను చెయ్యమని కూడా నేను చెప్పట్లేదు" అన్నాడు.

డాక్టరు చిన్న వయసావిడ, కళ్ళ కింద నల్లగా ఉంది. ఆ పూట మాలాంటివాళ్ళని అరవైమందిని చూసినట్టుంది. సబ్బు కథ మొత్తం విని తలూపింది.

"నాటకమని రాయండి మేడమ్" అన్నాను. "నాటకమే కదా."

"ఎనిమిదేళ్ళ కింద వచ్చినవి నిజం ఫిట్సా కాదా అని ఇప్పుడు నీ గడ్డం చూసి నేను చెప్పలేను. అప్పుడు చూసినాయన ఫిట్సనే రాశాడు. గడ్డం ఎవరిదో మాత్రం చెప్పగలను." లైటు దగ్గరికి లాగింది. "తలెత్తు."

ఎత్తాను. సీలింగు మీద తడి మరక ఒకటుంది, బస్సు ఆకారంలో ఉందని చెబితే కథకి బావుండేది గానీ, ఏ ఆకారంలోనూ లేదు. ఆవిడ వేలితో తడిమి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది.

"ఈ పేజీ నీదేనా?" అంది.

గోడ దగ్గర నాన్న నిలబడ్డాడు. కిటికీలోంచి ఆస్పత్రి గేటు వైపు చూస్తున్నాడు, అక్కడ చూడ్డానికేదో ఉన్నట్టు.

"నాదే" అన్నాను.

అక్క కార్డు శుభ్రమైంది. రెండద్దాలావిడ ఆస్పత్రి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర కొట్టి, "అర్హురాలు" అని రాసింది. గడువుకి పదకొండు రోజుల ముందు. అక్క బోర్డుకి వెళ్ళింది, ఐదు రోజులుండి వచ్చింది, ఎంపికైంది. ఇంత చిన్న వాక్యంలో అయిపోయినందుకు నాకే బాధగా ఉంది. కానీ నిజంగానే అంతే, మాకు సంతోషపడే ఓపిక మిగల్లేదు. అమ్మ అక్కని పట్టుకుని కాసేపు ఏడ్చి, చొక్కాలకి కాజాలు కుట్టడానికి వెళ్ళిపోయింది.

అక్క బయల్దేరే రోజు నల్ల ట్రంకుపెట్టె మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అడిగింది, "ట్రైనింగ్ ఎప్పట్నించే నీకు?"

"వచ్చే నెల."

"మొదటి రోజు ఫోటో పంపు. స్టీరింగ్ పట్టుకుని."

"ఫోటో ఏంటి, బస్సే పంపిస్తా" అన్నాను. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న పెట్టె ఎత్తుకున్నాడు.

నా సీటు ఇంకెవరో డ్రైవరు కొడుకుకిచ్చారు. డిపో వాళ్ళు మరీ చెడ్డవాళ్ళు కాదు. నన్ను పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చోబెట్టారు. జనం బస్సుల్లో వదిలేసినవన్నీ నా దగ్గరికొస్తాయి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒక పళ్ళసెట్టు. ఆ సెట్టు కోసం రోజుకొకరు నోరు తెరుచుకుని వచ్చి, పెట్టుకు చూసి, నాది కాదని ఇచ్చి వెళ్తారు. నా ముందు నుంచే బస్సులు బయటికెళ్తాయి. ఎవరు గేరు సరిగ్గా వెయ్యలేదో చప్పుడు బట్టి చెప్పగలను. ఎవరూ అడగరు.

ఎండలు తగ్గుతుండగా ఒక ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసింది. నాన్న అప్పటికే రిటైరై కుర్చీలో కునుకు తీస్తున్నాడు. నిద్రలో కూడా కుడికాలు నొక్కుతూనే ఉంది.

"ఏమే సబ్బూ, ఇక్కడొక ఫారమిచ్చారు" అంది. "కుటుంబంలో ఎవరికైనా ఫిట్సున్నాయా అని ఉంది. ఏం రాయను?"

"లేవని రాయి. లేవుగా."

"లేవు. కానీ ఆ పేజీ నీదని ఆస్పత్రి కాగితంలో రాశారు, అంటే నీ కార్డులో ఉందిగా ఇప్పుడు." ఆగింది. అటుపక్క ఎవరో వరసగా బూట్లు చప్పుడు చేస్తూ పోయారు. "నీ ఆరోగ్యం కాగితం కూడా ఆ కార్డు చూసే ఇస్తారుగా. నువ్వింకా ఫోటో పంపలేదు."

"కెమెరా పాడైంది."

"సబ్బూ."

"ఊఁ."

"బస్సెక్కావా లేదా?"

వంద అబద్ధాలు రెడీగా ఉన్నాయి నా దగ్గర. ఒకదాంట్లో అయితే బస్సుకే ఫిట్సొచ్చాయి. ఎందుకో ఏదీ పైకి రాలేదు.

"ఎక్కలేదు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని కూడా అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"మాఫీ అడిగావా?"

"లేదట."

"ఎవరన్నారు?"

"నాన్న."

"నాన్న డ్రైవరే, అర్హతల విభాగం కాదు. అడిగావా, కాగితం పెట్టి?"

"ఎవరూ పెట్టలేదటే ఇంతవరకూ."

"అయితే నువ్వు పెట్టు. పెన్ను తీసుకో. నేను చెప్తా, రాసుకో." గొంతు అప్పుడే సగం ఆఫీసరు గొంతైంది. "మొదటి లైను. నాకు ఎప్పుడూ ఫిట్స్ రాలేదు. రాశావా?"

"రాశా."

"పదమూడేళ్ళప్పుడు సబ్బు ముక్కతో నటించాను. అదీ రాయి. సిగ్గుపడకు."

అలా అరగంట చెప్పింది. డెస్కు అంచు, నీలం అట్ట, మూడు కుట్లు, ఏదీ వదల్లేదు. మధ్యలో నేనొకచోట నురగ 'సముద్రంలా' వచ్చిందని కలిపితే, కనిపెట్టి కొట్టేయించింది. నాన్న ఎప్పుడు లేచాడో, కుర్చీలోంచి కదలకుండా వింటున్నాడు. కాలు నేల మీద ఊరికే ఉంది.

"చివర్న, పైన రాసినదంతా నిజం, అని రాసి సంతకం పెట్టు" అంది అక్క.

పెట్టాను. ఒక పేజీ కూడా నిండలేదు గానీ చెయ్యి మొత్తం లాగేసింది. అలవాటు లేని పని.